ఉటుపా ఆకు గోమార్ల మీద ఎందుకు పనిచేస్తుంది, ఎందుకు ఒక్కోసారి చేయదు

తూర్పు ఆఫ్రికాలో పశువుకు వచ్చే పెద్ద గండం చెవిలోంచి మొదలవుతుంది. చెవిదొప్పను వెనక్కి మడిచి చూస్తే లోపలి వెంట్రుకల మధ్య ముదురు గోధుమరంగు గోమార్లు ఒకదాని పక్కన ఒకటి మూతి గుచ్చుకుని కనిపిస్తాయి. రక్తం పట్టని గోమారి పెసరగింజంత ఉంటుంది. కడుపునిండా తాగిన ఆడది ఆముదపు గింజలా ఉబ్బి, తనంతట తానే రాలి గడ్డిలో పడుతుంది. అక్కడ వేల గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. దీని శాస్త్రీయ నామం రిపిసెఫాలస్ అపెండిక్యులేటస్. ఇది మోసుకొచ్చే థైలేరియా పార్వా అనే పరాన్నజీవి వల్ల వచ్చేదే ఈస్ట్ కోస్ట్ జ్వరం. 1902 ప్రాంతంలో తూర్పు తీరం నుంచి పశువులను దిగుమతి చేసుకున్నాక ఆఫ్రికా దక్షిణ భాగంలో మందలకు మందలు తుడిచిపెట్టుకుపోయాయి. జబ్బుకు ఆ పేరు అలా వచ్చింది.

ఈ గోమార్ల మీద కెన్యా, టాంజానియా, ఉగాండా, మలావీ, జాంబియా పల్లెల్లో వాడే నాటు మందుల్లో ఒక పూల పొదకు ప్రత్యేక స్థానం ఉంది. స్వాహిలీలో ఉటుపా అంటారు, ఉగాండాలో ములుకు, జాంబియాలో బెంబా మాట్లాడేవాళ్లు ఉబూబా అంటారు. వృక్షశాస్త్రంలో టెఫ్రోసియా వోగెలీ. ఆకు దంచి నీళ్లలో నానబెట్టి, వడకట్టి, పశువు ఒంటికి పట్టించడమే మందు. వినడానికి ఇంతే. కానీ ఒకే ఊళ్లో ఒకరి ఆవు మీద గోమార్లు రాలిపోతే, పక్కింటివాళ్ల ఆవు మీద కదలకుండా ఉండిపోవడం కూడా జరుగుతుంది. హస్తవాసి, నమ్మకం అని సరిపెట్టుకోనక్కర్లేదు. మొక్కలో, తయారీలో, పట్టించే పద్ధతిలో, మళ్లీ పట్టించే గడువులో దానికి కారణాలు దొరుకుతాయి.

ముందు మొక్క సంగతి. ఇది చిక్కుడు కుటుంబపు పొద. మీటరు నుంచి నాలుగు మీటర్ల దాకా పెరుగుతుంది. కొమ్మలు, ఆకులు, కాయలు అన్నిటిమీదా మెత్తని నూగు, చేత్తో రాస్తే ముఖమల్ గుడ్డలా తగులుతుంది. ఒక ఈనెకు రెండు వైపులా చిన్నాకులు బారుగా ఉంటాయి. పువ్వు కందిపువ్వు ఆకారంలోనే ఉన్నా దానికంటే బాగా పెద్దది, గుత్తులుగా వస్తుంది. కొన్ని మొక్కలకు తెలుపు, కొన్నిటికి ఊదా. 1841లో నైజర్ నది యాత్రకు వెళ్లి ఆ యాత్రలోనే ప్రాణం విడిచిన జర్మన్ వృక్షశాస్త్రవేత్త థియోడోర్ వోగెల్ పేరు దీనికి పెట్టారు. 1849లో బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ హుకర్ ఈ జాతిని గ్రంథస్థం చేశాడు. ఆఫ్రికా రైతులకు మాత్రం అంతకు ఎంతో ముందు నుంచే దీని గుణం తెలుసు. వాళ్లకు తెలిసింది చేపల ద్వారా. ఆకు నలగగొట్టి, కట్ట వేసి ఆపిన వాగు నీటిలో కలిపితే చేపలు కాసేపటికే తేలిపోతాయి. ఇంగ్లీషువాళ్లు దీన్ని ‘చేప చిక్కుడు’ అని పిలవడానికి కారణం ఇదే.

చేపను తేల్చేదీ గోమారిని చంపేదీ ఒకే పదార్థాల కూటమి. వాటిని రోటెనాయిడ్లు అంటారు. ఈ మొక్క ఆకులో డెగ్యులిన్, రోటెనోన్, టెఫ్రోసిన్, ఆల్ఫా-టాక్సికరాల్ వంటివి ఉంటాయి. టెఫ్రోసిన్‌ను 1907లో మొదట వేరుచేసింది ఈ మొక్క నుంచే. ప్రతి జీవకణంలోనూ శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా ఉంటాయి కదా, అక్కడ ఎలక్ట్రాన్లు చేతులు మారే వరుసలో మొదటి మెట్టు కాంప్లెక్స్-1. రోటెనాయిడ్లు సరిగ్గా ఆ మెట్టు దగ్గర అడ్డుపడతాయి. ఆక్సిజన్ అందుతూనే ఉన్నా కణం దాన్ని వాడుకోలేదు. నాడులు, కండరాలు ముందు చచ్చుబడతాయి. అందుకే ఈ మందు తగిలిన పురుగు గిలగిలా కొట్టుకోదు; మందగిస్తుంది, మేత మానేస్తుంది, గంటలు గడిచాక చస్తుంది. ఒంటికి పట్టించిన పావుగంటకే గోమార్లు రాలలేదని మందు పనిచేయలేదనుకోవడం పొరపాటు. మర్నాడు చూడాలి.

ఇది కేవలం ఆఫ్రికా పల్లెల మందు కాదని కూడా చెప్పాలి. ఆసియాలో దొరికే డెర్రిస్ వేళ్లలోనూ రోటెనోనే ఉంటుంది. బ్రిటన్‌లో పశువుల వీపు చర్మం కింద బొరియలు చేసే వార్బుల్ ఈగ పిల్లపురుగులను చంపడానికి డెర్రిస్ ద్రావణం పూయాలని 1936లో ప్రభుత్వ ఉత్తర్వే వచ్చింది. డెర్రిస్‌లో మందు వేరులో ఉంటే ఉటుపాలో ఆకులో ఉంటుంది. రైతుకు అది పెద్ద సౌకర్యం. మొక్కను పీకకుండా ఏడాది పొడవునా ఆకు కోసుకోవచ్చు.

ఇక అసలు చిక్కు. ఉటుపా అంతా ఒకటి కాదు. మలావీలో పరిశోధకులు ఈ మొక్క ఆకుల రసాయనాలను వేరుచేసి చూసినప్పుడు రెండు రకాలు బయటపడ్డాయి. ఆ ఫలితాలు 2012లో అచ్చయ్యాయి. మొదటి రకంలో పైన చెప్పిన రోటెనాయిడ్లు ఉన్నాయి, అది పురుగులను చంపింది. రెండో రకంలో అవి లేవు. వాటి స్థానంలో ఓబోవాటిన్ 5-మిథైల్ ఈథర్ వంటి వేరే ఫ్లావనాయిడ్లు ఉన్నాయి. అది పురుగులను ఏమీ చేయలేకపోయింది. మలావీలో 13 చోట్ల నుంచి తెచ్చిన మొక్కల్లో దాదాపు నాలుగింట ఒకటి ఈ రెండో రకమే. జాతి ఒకటే, పేరు ఒకటే, రైతు కంటికి తేడా తెలియదు. ఈ పరీక్షలు పంట పురుగుల మీద చేసినవే అయినా గోమారి మీద పనిచేయాల్సింది కూడా ఆ రోటెనాయిడ్లే కాబట్టి పశువుల విషయంలోనూ ఇదే లెక్క. ఎంత శ్రద్ధగా దంచినా, ఎంతసేపు నానబెట్టినా, లేని మందు ఆకులోంచి రాదు.

ఈ ఒక్క సంగతి తెలియక నాటు వైద్యం మీద జరిగిన వాదోపవాదాలు ఎన్నో. పనిచేసిన ఊరివాళ్లూ నిజమే చెప్పారు, పనిచేయని ఊరివాళ్లూ నిజమే చెప్పారు. మొక్క వేరు, అంతే. ఈ రెండో రకం ఎలా వ్యాపించిందన్నదానికీ ఒక కారణం ఊహించుకోవచ్చు. మలావీ, జాంబియా ప్రాంతాల్లో ఉటుపాను పురుగుమందుగా కన్నా నేల సారం పెంచే మొక్కగా పెద్ద ఎత్తున పంచారు. మొక్కజొన్న చేలల్లో వేసి, పెరిగాక కొట్టి మట్టిలో కలిపేస్తారు, నత్రజని అందుతుంది. ఎరువుకైతే ఏ రకమైనా ఒకటే. విత్తనం సేకరించేటప్పుడు మందు గుణం చూసే అవసరం అక్కడ ఎవరికీ రాలేదు.

సరైన మొక్క దొరికిందనుకుందాం. తయారీలో గుర్తుపెట్టుకోవాల్సింది రోటెనాయిడ్ల స్వభావం. అవి నీళ్లలో సరిగా కరగవు. ఎండ, గాలి తగిలితే విరిగిపోతాయి. నాటు పద్ధతిలోని ప్రతి మంచి అలవాటుకూ, ప్రతి తప్పుకూ ఈ రెండింటితోనే సంబంధం.

పచ్చి ఆకు ఒక కిలోకు ఐదు లీటర్ల నీళ్లు అన్నది ఎక్కువగా వాడే కొలత. పుల్లలు తీసేసి ఆకు మాత్రమే రోట్లో వేసి మెత్తని ముద్ద అయ్యేదాకా దంచాలి. కచ్చాపచ్చాగా నలిపితే ఆకు కణాల్లోని మందు అక్కడే ఉండిపోతుంది. ముద్దను నీళ్లలో కలిపి, అందులో కొద్దిగా సబ్బు తురుము వేయాలి. లీటరుకు ఒక గ్రాము చాలు, అంటే ఐదు లీటర్లకు ఒక చెంచా. సబ్బు రెండు పనులు చేస్తుంది: నీళ్లలో కరగని మందును నీటిలోకి లాగుతుంది, తర్వాత ఆ రసం నూనె పట్టిన వెంట్రుకల మీద ముత్యాల్లా జారిపోకుండా చర్మం దాకా దిగేట్టు చేస్తుంది. సబ్బు లేకుండా చేసిన రసం ఆకుపచ్చగా, ఘాటుగానే ఉంటుంది కానీ మందు చాలావరకు పిప్పిలోనే మిగిలిపోతుంది. గిన్నెకు మూత పెట్టి, నీడలో, రాత్రంతా లేదా ఒక రోజు నాననివ్వాలి. పలుచని గుడ్డలో రెండుసార్లు వడకట్టాలి. స్ప్రేయర్‌తో కొట్టేటట్టయితే మూడోసారి కూడా, లేకపోతే నూగు, పీచు నాజిల్‌లో ఇరుక్కుంటాయి. వడకట్టిన రోజే వాడేయాలి.

ఎండుటాకు పొడితోనూ చేస్తారు. తూర్పు, దక్షిణ ఆఫ్రికాలో పంటల మీద జరిగిన పరీక్షల్లో లీటరు నీటికి 100 గ్రాముల పొడి, ఒక గ్రాము సబ్బు, 24 గంటల నానబెట్టడం అన్న కొలత వాడారు. రెండు కొలతలనూ పక్కపక్కన పెట్టి చూడండి. పచ్చి ఆకులో నాలుగింట మూడు వంతులు నీరే అనుకుంటే, కిలో పచ్చి ఆకు అంటే పావుకిలో ఎండుటాకు. దాన్ని ఐదు లీటర్లలో వేస్తే లీటరుకు 50 గ్రాములే. అంటే పచ్చి ఆకు రసం పొడి రసంలో సగం బలం. పశువు మీద పచ్చి ఆకు రసం వాడి ఫలితం అంతంతమాత్రంగా ఉందంటే ముందు చూడాల్సింది ఇదే. పొడి చేసేవాళ్లు ఆకును నీడలోనే ఆరబెట్టాలి. ఎండలో ఆరబోసిన ఆకు త్వరగా ఎండుతుంది, అదే వేగంతో మందూ పోతుంది.

పట్టించడం చల్లని వేళ, సాయంత్రం అయితే మేలు. మధ్యాహ్నం ఎండలో పట్టించిన రసం గోమారిని చేరకముందే వెలుతురుకు పాడవడం మొదలవుతుంది. వాన వచ్చేట్టు ఉంటే ఆ రోజు మానుకోవాలి. పెద్ద ఆవు ఒళ్లంతా తడవాలంటే చేతి స్ప్రేయర్‌తో పది లీటర్ల దాకా పడుతుంది. రెండు లీటర్లు వీపు మీద చల్లి సరిపెట్టుకుంటే గోమార్లకు అందేది తక్కువ, ఎందుకంటే వీపు మీద ఉండేవి తక్కువ. అవి కూర్చునేవి చెవి లోపల, తోక కింద, గంగడోలు మడతల్లో, తొడల సందున, గిట్టల మధ్య. చెవికి స్ప్రేయర్ కాకుండా రసంలో ముంచిన గుడ్డ వాడాలి. దొప్ప మడిచి, అంచు నుంచి లోపలికి తుడుస్తూ పోతే ఒక్కో గోమారికీ మందు తగులుతుంది. కళ్లలో, పుండ్ల మీద పడనీయకూడదు. ఒళ్లు ఆరేదాకా పశువు తనను తాను నాక్కోకుండా తల దగ్గరగా కట్టేయాలి.

గడువు విషయం జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి, ఎక్కువమంది తప్పేది ఇక్కడే. గోమారి అతుక్కున్న క్షణానే జబ్బు ఎక్కదు. దాని లాలాజల గ్రంథుల్లో ఉన్న థైలేరియా రక్తం తాగడం మొదలయ్యాకే పక్వానికి వస్తుంది. అందుకు మూడు నాలుగు రోజులు పడుతుంది. ఆ లోపు గోమారి చస్తే పశువు బతికిపోయినట్టే. అందుకే జబ్బు ఎక్కువగా ఉండే చోట రసాయన మందులను కూడా వారానికి రెండుసార్లు కొట్టమనేవాళ్లు. ఉటుపా రసం ఎండకు విరిగిపోయే మందు, ఒంటి మీద వారాల తరబడి ఉండదు. నెలకోసారి పట్టిస్తే ఆ రోజు ఒంటి మీదున్న గోమార్లు చస్తాయేమో కానీ తర్వాతి వారం ఎక్కేవి తమ పని తాము చేసుకుపోతాయి. పైగా ఈ గోమారి మూడు దశల్లో మూడు వేర్వేరు పశువుల మీద తాగుతుంది. మిగిలిన జీవితమంతా గడ్డిలోనే. ఏ పూట చూసినా మందలో ఉన్నవాటి కన్నా బీట్లో ఉన్నవే ఎక్కువ. వానాకాలంలో మూడు నాలుగు రోజులకోసారి పట్టించగలిగితేనే దీన్ని నివారణ అనాలి.

జబ్బు వచ్చాక ఈ రసం ఏమీ చేయదు. ఇది గోమారి మందు, జ్వరం మందు కాదు. చెవి కింద గ్రంథి వాచడం ఈస్ట్ కోస్ట్ జ్వరానికి తొలి గుర్తు, ఎందుకంటే గోమారి కుట్టిన చెవికి దగ్గర గ్రంథి అదే. వెంట జ్వరం, తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరి గురక. ఆ వాపు కనిపించిన రోజే పశువైద్యుణ్ణి పిలిచి థైలేరియాను చంపే బుపార్వాక్వోన్ మందు వేయించాలి. కెన్యాలోని ముగుగా పరిశోధన కేంద్రంలో రూపొందిన టీకా పద్ధతి కూడా ఉంది. బతికున్న పరాన్నజీవిని ఎక్కించి, అదే సమయంలో ఎక్కువ రోజులు పనిచేసే ఆక్సీటెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తారు. ఉటుపా ఉందని టీకా మానుకోవడం ఎంతమాత్రం సరికాదు. ఇంకో సూక్ష్మం ఉంది. జబ్బు ఎప్పుడూ ఉండే ప్రాంతాల్లో నాటు జీబు (మూపురం ఉండే జాతి) దూడలు చిన్నప్పుడే కాస్త కాస్తగా సోకి, తట్టుకుని, రోగనిరోధక శక్తి తెచ్చుకుంటాయి. అలాంటి మందలో ఒక ఏడాది గోమార్లను పూర్తిగా తుడిచేసి, మరుసటి ఏడాది పట్టించుకోకపోతే, శక్తి లేని పెద్ద పశువులే ఎక్కువ చస్తాయి. కొద్దికొద్దిగా వదిలేసే నాటు పద్ధతి నాటు పశువుకు చాలాసార్లు సరిపోతుంది. విదేశీ సంకర ఆవుకు అది సరిపోదు.

ఆకు మందు కదా, హాని ఏముంటుందిలే అనే మాట ఈ మొక్క విషయంలో ప్రమాదకరం. నోటి ద్వారా పోయిన రోటెనోన్‌ను ఆవు, మేక, మనిషి పేగులు అంతగా పీల్చుకోవు, పీల్చినదాన్ని కాలేయం విరిచేస్తుంది. చేపకు ఆ రక్షణ లేదు, మొప్పల గుండా నేరుగా రక్తంలోకి పోతుంది. పందులకు కూడా ఇది తొందరగా విషమవుతుంది. పంది మీద ఉటుపా వాడకూడదు. పొడి దంచేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, చేతులకు తొడుగులు ఉండాలి. ఊపిరితో లోపలికి పోయినది తిన్నదానికన్నా ఎక్కువ హాని చేస్తుంది. 2000లో ఎలుకలకు రోటెనోన్ ఎక్కించిన ప్రయోగంలో పార్కిన్సన్స్ జబ్బు లక్షణాలు కనిపించాయి. 2011లో అమెరికా రైతుల మీద అచ్చయిన అధ్యయనంలో రోటెనోన్ వాడినవాళ్లలో ఆ జబ్బు సుమారు రెండున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది. అది రోటెనోన్ పురుగుమందు వాడినవాళ్ల లెక్క, ఆకు రసం లెక్క కాదు. అయినా ఒంటి జాగ్రత్త తీసుకోవడానికి ఆ మాత్రం చాలు. యూరప్ 2008లో రోటెనోన్‌ను అనుమతి జాబితా నుంచి తీసేసింది. అమెరికాలో పశువుల మీద, తోటల్లో వాడకం పోయి, జలాశయాల్లో అక్కర్లేని చేపలను తీసేయడానికి మాత్రమే మిగిలింది.

పొదుగుకు తగిలితే పాలు పితికే ముందు సబ్బుతో కడగాలి, దూడను అప్పటిదాకా దూరంగా ఉంచాలి. పిప్పిని, రోలు కడిగిన నీళ్లను వాగు పక్కన పారబోయకూడదు. గుంట తీసి మట్టి కప్పాలి. గోదావరి జిల్లాల్లో చేపల చెరువు నింపే ముందు హెక్టారుకు 2,500 కిలోల లెక్కన ఇప్ప చెక్క (ఇప్పగింజల నూనె తీయగా మిగిలిన పిండి) వేసి పనికిరాని చేపలను తీసేవాళ్లకు ఆకు, గింజల విషం నీళ్లలో ఎలా పాకుతుందో వేరే చెప్పనక్కర్లేదు. ఇప్ప చెక్కలో పనిచేసేవి సాపోనిన్లు, దారి వేరు. రోటెనోన్ అయితే అంతకన్నా చాలా తక్కువ మోతాదులోనే పని పూర్తి చేస్తుంది.

మన దగ్గర బీళ్లలో, గట్ల మీద మొలిచే వెంపలి ఉటుపాకు దగ్గరి చుట్టమే, అదీ టెఫ్రోసియానే. కానీ వెంపలి మోకాటి ఎత్తు మొక్క, పువ్వు చిన్నది, గోమారిని చంపేంత రోటెనాయిడ్లు దాని ఆకులో ఉంటాయనుకోకూడదు. చుట్టరికం చూసి వెంపలి ఆకు దంచి సంకర ఆవుకు పట్టించి నిశ్చింతగా కూర్చోవడం తగదు. మన సంకర ఆవులకు హయలోమా గోమారి ద్వారా వచ్చే థైలేరియా ఆన్యులేటా కూడా అంతే ప్రాణాంతకం.

ఉటుపా పెంచడం కష్టం కాదు. గింజ పొర గట్టిది, రాత్రంతా నానబెట్టి తొలకరికి కంచె వెంబడి విత్తుతారు. మొదటి సీజను దాటేసరికి ఆకు కోతకు వస్తుంది, రెండు మూడేళ్లకు మొక్క ముసలిదై పోతుంది, మళ్లీ విత్తుకోవాలి. వేరుముడి నులిపురుగుకు ఇది ఇష్టమైన ఆశ్రయం. తీసేసిన చోట పొగాకు, టమాటా వేస్తే ఆ పంట దెబ్బతింటుంది.

చివరికి మన దగ్గరున్న మొక్క ఏ రకమో తేల్చుకోవాలి. ప్రయోగశాల లేకుండా చేయగలిగిన పరీక్ష ఒకటి ఉంది. ఒకే ఆవు నుంచి నిండా రక్తం తాగిన ఆడ గోమార్లను ఇరవై, చిదపకుండా, తొడుగు వేసుకుని తీయాలి. పదింటిని సబ్బు నీళ్లలో, పదింటిని అంతే సబ్బు కలిపిన ఆకురసంలో ఐదు నిమిషాలు ముంచాలి. కాగితం మీద ఆరనిచ్చి, గాలి ఆడే రెండు డబ్బాల్లో వేరువేరుగా, తడిగుడ్డ పక్కన పెట్టి నీడలో ఉంచాలి. రెండు వారాల పాటు రోజూ చూసి ఎన్ని కదులుతున్నాయి, ఎన్ని గుడ్లు పెట్టాయి అన్నది రాసుకోవాలి. అయ్యాక డబ్బాల్లో మరిగే నీళ్లు పోయాలి. ఆకురసంలో ముంచినవి చచ్చినా, గుడ్లు పెట్టకపోయినా ఆ మొక్క గింజలనే దాచి, చుట్టుపక్కల పరీక్షించని ఉటుపాను పూతకు రాకముందే తీసేయాలి. రెండు డబ్బాల్లోనూ గుడ్లు ఒకేలా కుప్పపడితే ఆ మొక్కను కొట్టి మొక్కజొన్న చేలో ఎరువుగా కలిపేసి, వేరే చోటి విత్తనంతో మళ్లీ మొదలుపెట్టాలి.